పచ్చబాట మీద పదకొండు రోజులు

ఆ ఇంట్లో అత్తగారు పోయి ఆరేళ్ళయినా పెద్దకోడలు పెద్దకోడలుగానే, చిన్నకోడలు చిన్నకోడలుగానే ఉండిపోయారు. వీధిలోనూ అదే పిలుపు, పనిలోనూ అదే పిలుపు. తోడికోడళ్ళిద్దరిదీ ఒకే చోట పని, పెద్దాసుపత్రి వెనక లాండ్రీలో. దుప్పట్లు ఇస్త్రీ చేసే ఆవిరి రోలర్లకి ఇవతల నిలబడి పెద్దకోడలు తడి దుప్పట్లు లోపలికి అందిస్తే, అవతల చిన్నకోడలు చెయ్యి కాలే వేడిలో వాటిని అందుకుని మడతలు పెట్టేది. మధ్యలో పొగ. ఒకరి మొహం ఒకరికి కనబడేది కాదు గానీ, ఎనిమిది గంటలూ ఇద్దరి నోళ్ళూ ఆడుతూనే ఉండేవి.

ఇప్పుడు అవతల ఎవరో కొత్తమ్మాయి మడతలు పెడుతోంది. చిన్నకోడలు పోయి ఇరవై రెండు రోజులైంది.

ఎలా పోయిందో ఊరందరికీ తెలుసు. పొద్దున ఎనిమిదిన్నరకి గోదాముల కూడలి దగ్గర గ్రీన్ సిగ్నల్ పడింది. పక్కనే ఆగి ఉన్న లారీ ఎడమకి, గోదాముల వీధిలోకి తిరిగింది. చిన్నకోడలు సైకిల్ మీద నేరుగా వెళ్ళబోయింది. లారీ ముందు చక్రం తప్పింది, వెనక చక్రం తప్పలేదు. అంతవరకూ అందరికీ తెలుసు. చిన్నకోడలి తప్పేమిటన్నది మాత్రం పెద్దకోడలికి అంతుపట్టలేదు. సైకిల్ నేర్పింది తనే. దారి చెప్పింది తనే. చెప్పిందల్లా ఒప్పజెప్పించుకుంది కూడాను. అంత బాగా నేర్చుకున్న మనిషి ఎక్కడ పొరబడింది?

వచ్చిన చుట్టాలు వెళ్ళిపోయిన రోజున చిన్నకోడలి కూతురు, పద్నాలుగేళ్ళది, కడిగిన గిన్నెలు తుడుస్తూ తుడుస్తూ ఆగిపోయింది.

"పెద్దమ్మా, అమ్మకి తొక్కడం సరిగ్గా రాదా?"

"ఎవరన్నారే?"

"అందరూ అంటున్నారు. రాకుండా రోడ్డెక్కిందట."

పెద్దకోడలికి పిల్లలు లేరు. మొగుడు పోయి పదేళ్ళు. ఈ పిల్లని పురిటి గదిలో ముందు ఎత్తుకున్నది తనే. దీని జ్వరాలూ, జడలూ, లెక్కల పరీక్షలూ అన్నీ ఇద్దరు తల్లులూ పంచుకున్నారు. అలాంటి పిల్ల కన్నతల్లిని తలుచుకున్నప్పుడల్లా తెలివితక్కువ మనిషని తలుచుకోవడమా?

"మీ అమ్మ తప్పేంటో, అసలు తప్పుందో లేదో కనుక్కుని నీకే చెప్తాను, అమ్మడూ" అంది. "అంతవరకూ ఎవరేమన్నా చెవిన పెట్టకు."

మాటిచ్చింది కాబట్టి అడగడం మొదలుపెట్టింది. కూడలిలో డ్యూటీ చేసే ట్రాఫిక్ కానిస్టేబుల్‌ని అడిగింది. అతను మంచివాడే. టోపీ తీసి చంకలో పెట్టుకుని చెప్పాడు: "అమ్మా, నేను కళ్ళారా చూశాను. ఆవిడ సైకిల్ ట్రాక్‌లోనే ఉంది, ఉండాల్సిన చోటే ఉంది. గ్రీన్ సిగ్నల్ పడ్డాకే కదిలింది. కాగితాల్లో కూడా అదే రాశాం. ఆవిడ తప్పేం లేదు."

లాండ్రీలో బాయిలరు చూసే ఆయన ముప్ఫై ఏళ్ళుగా సైకిల్ మీదే వస్తాడు. ఆయన్ని అడిగితే ఇంకోలా చెప్పాడు. "తప్పు కాదంటే ఎలా పెద్దకోడలా? లారీ పక్కన నిలబడ్డమేంటి? ఆ కూడలిలో చిన్నపిల్లాడు కూడా నిలబడడు. చెప్పేవాళ్ళే లేకపోయారా దానికి?"

"అన్నీ చెప్పాను."

"అయితే వినుండదు."

వినకపోవడమన్నది చిన్నకోడలి ఒంట్లోనే లేదు. ఆ సంగతి పెద్దకోడలికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు?

ముప్ఫై ఎనిమిదేళ్ళ వయసులో సైకిల్ ఎక్కింది అది. వాళ్ళ వీధి మీదుగా వెళ్ళే బస్సు తీసేశారు. నడిస్తే గంట పైన. పని మానేస్తానని ఏడుస్తూ కూర్చుంటే పెద్దకోడలే రెక్క పట్టుకుని మైదానానికి లాక్కెళ్ళింది. మొదటి వారమంతా ఒకటే గోల.

"అక్కా, సీటు నన్ను పైకి విసిరేస్తోంది!"

"విసరదా? నీ బరువు చూసి అదే హడలిపోతోంది. కింద చూడకు, ముందుకు చూడు."

"ముందుకు చూస్తే గోడొస్తోంది."

"గోడ రాదే, నువ్వే దాని దగ్గరికి పోతున్నావు. హ్యాండిల్ తిప్పు తల్లీ, గోడేం చేసింది నిన్ను?"

రెండు మోచేతులూ ఒక మోకాలూ చెక్కుకుపోయాక చక్రం మాట వినడం మొదలైంది. అప్పుడు దారి సంగతి వచ్చింది. ఇంటి నుంచి ఆసుపత్రికి మూడు దారులున్నాయి. పెద్ద వంతెన మీదుగా వెళితే దగ్గర గానీ బస్సులు భుజం రాసుకుంటూ పోతాయి. బజారు వీధిలో బండ్లూ జనమూ, వేగం లేదు కాబట్టి పెద్ద దెబ్బా తగలదు, కాకపోతే పది అడుగులకోసారి దిగాలి. మూడోది కాలువ పక్కగా వెళ్ళి, చిన్న వంతెన దాటి, గోదాముల కూడలి మీదుగా. అదే కాస్త చుట్టు.

"దూరం చూసుకోకే" అని చెప్పింది పెద్దకోడలు. "ఎన్నిసార్లు కాలు కింద పెట్టాల్సొస్తుందో అది చూసుకో. ఎంత తక్కువసార్లు దిగితే అంత మంచి దారి."

ఆ మూడో దారిలోనే రెండేళ్ళ కిందట కార్పొరేషన్ వాళ్ళు సైకిల్ ట్రాక్ వేశారు. ఆకుపచ్చ రంగు కొట్టి, పక్కన ప్లాస్టిక్ గుంజలు పాతారు. తోడికోడళ్ళిద్దరూ దానికి పచ్చబాట అని పేరు పెట్టుకున్నారు. చిన్నకోడలు తొక్కడం మొదలుపెట్టిన నాటికి ఇద్దరిదీ పొద్దుటి షిఫ్టే, ఆరింటికల్లా రోలర్ల దగ్గర ఉండాలి. అయిదింటికే బయల్దేరేవారు. ఆ వేళకి రోడ్లు కడిగి ఆరబెట్టినట్టుండేవి. కూడలిలో సిగ్నల్ కూడా పనిచేసేది కాదు, పసుపు లైటు ఆరి వెలుగుతూ ఉండేది. పచ్చబాట మీద ముందు చిన్నకోడలు, వెనక పెద్దకోడలు. నెల రోజులు అలా సాగింది.

తర్వాత సూపర్‌వైజరు చిన్నకోడల్ని తొమ్మిదింటి షిఫ్టుకి మార్చాడు. ఇక ఒంటరిగా వెళ్ళాలి, అదీ జనం మధ్యన. పెద్దకోడలు కూడా వెనక ఇరవై ఏళ్ళు తొమ్మిదింటి షిఫ్టే చేసింది. పొద్దుటి షిఫ్టుకి వచ్చి మూడేళ్ళే. కాబట్టి ఎండెక్కాక ఆ దారి ఎలా ఉంటుందో ఆవిడకి కంఠతా వచ్చు. వంటింట్లో కూర్చోబెట్టి మొత్తం చెప్పింది. బేకరీ ముందు వ్యాను వెనక్కి వస్తుంది, బెల్లు కొట్టు. ఎలిమెంటరీ బడి గేటు దగ్గర పిల్లలు పరిగెత్తుకొస్తారు, తొక్కడం ఆపేసి జారనివ్వు. వంతెన దిగేటప్పుడు ముందు బ్రేకు ఒక్కటే పట్టకు. అన్నిటికన్నా ముఖ్యం, పచ్చబాట ఎక్కాక ఏం జరిగినా సరే ఆ పచ్చరంగు దాటకు. ఎవడు హారన్ కొట్టినా, ఎవడు తిట్టినా దాటకు. ఆ రంగు మీదున్నంతసేపూ నిన్నెవడూ ఏం చేయలేడు.

చిన్నకోడలు అదంతా పాఠంలా వల్లెవేసింది. కూరలు తరుగుతూ, తల దువ్వుకుంటూ పైకే చదివేది. మొగుడు "మా ఆవిడ పరీక్షకి వెళుతోంది, ఎవరూ కదిలించకండి" అని ఎగతాళి చేసేవాడు. వినీ వినీ పిల్లకి కూడా వచ్చేసింది. తల్లి ఒక్క మాట తప్పితే అందుకునేది.

పదకొండు రోజులు వెళ్ళొచ్చింది. పన్నెండో రోజు లేదు.

ఇరవై మూడో రోజున పిల్లని బడికి పంపాలనుకున్నారు. పిల్ల చదివే హైస్కూలు ఆసుపత్రికి పక్క వీధిలోనే. అంతకు ముందు స్నేహితురాళ్ళతో కలిసి గంట పైన నడిచి వెళ్ళేది. ఇప్పుడు వాళ్ళతో వెళ్ళనంది, దారి పొడవునా అడుగుతారని. పెద్దకోడలు సూపర్‌వైజరుని బతిమాలి తొమ్మిదింటి షిఫ్టుకి మారింది. పిల్లని సైకిల్ వెనక ఎక్కించుకుని బజారు వీధి వైపు తిప్పబోతుంటే పిల్ల ఒప్పుకోలేదు.

"అమ్మ వెళ్ళిన దారిలో తీసుకెళ్ళు."

"ఇవాళొద్దమ్మా."

"కనుక్కుని చెప్తానన్నావ్. చూడకుండా ఎలా కనుక్కుంటావ్?"

పెద్దకోడలు కాలువ వైపు తిప్పింది. పిల్ల ఆవిడ నడుము చుట్టూ చేతులు వేసి, వీపుకి చెంప ఆనించి, తల్లి పాఠం మొదలుపెట్టింది. బేకరీ వ్యాను, బెల్లు. బడి గేటు, తొక్కడం ఆపు. వింటుంటే పెద్దకోడలికి కళ్ళు మసకబారుతున్నాయి గానీ తుడుచుకోవడానికి చెయ్యి తీసే వీల్లేదు. చిన్న వంతెన దిగారు. పచ్చబాట ఎక్కారు. "ఇక పచ్చరంగు దాటొద్దు" అంది పిల్ల వెనక నుంచి, తల్లి గొంతులాంటి గొంతుతోనే.

మూడేళ్ళ తర్వాత ఆ వేళప్పుడు ఆ కూడలికి రావడం అదే మొదలు. దూరాన్నుంచే లారీల వరస కనబడింది. డీజిల్ పొగ, బ్రేకుల కీచు, ఆగి ఉన్న ఇంజన్ల వణుకు. ఎర్ర లైటు వెలుగుతోంది. పెద్దకోడలు సైకిల్ నిదానం చేసి, ఒక కాలు కింద పెట్టి ఆగింది. ఎదురుగా లారీ వెనక తలుపు, గొలుసులు, మట్టి కొట్టుకుపోయిన నంబరు. లైటు మారింది. లారీ గుర్రుమంటూ గోదాముల వీధిలోకి తిరిగింది. అది పూర్తిగా తిరిగే దాకా ఆగి, పెద్దకోడలు తొక్కడం మొదలుపెట్టింది.

"పెద్దమ్మా" అంది పిల్ల.

"ఊఁ."

"నువ్వు పచ్చరంగు దాటావ్."

"ఎక్కడ?"

"ఇందాక. లైటు దగ్గర. పచ్చరంగులోంచి బయటికొచ్చి లారీ వెనకాల ఆగావ్."

పెద్దకోడలు కూడలి దాటి, ఆసుపత్రి గోడ పక్కన కాలు పెట్టి వెనక్కి చూసింది. పచ్చబాట రోడ్డు అంచునే ఉంది, తిన్నగా సిగ్నల్ దాకా వచ్చి ఆగింది. తను ఆగిన చోటు అది కాదు. తను ఆగింది నల్ల తారు మీద, లారీలు ఆగే వరసలో, లారీ వెనక. గుంజలు అయిపోయిన చోట హ్యాండిల్ తిప్పినట్టు ఆవిడకి జ్ఞాపకమే లేదు. చేతులు వాటంతటవే తిప్పాయి, కాలు దానంతటదే దిగింది. ఆ కూడలిలో ఇరవై ఏళ్ళు అలాగే ఆగింది మరి. అప్పుడు పచ్చరంగు లేదు, గుంజలు లేవు. లారీ పక్కన నిలబడితే డ్రైవరుకి కనబడం, వెనక నిలబడితే అది మనల్నేం చేయలేదు, ఈ సంగతి ఎవరు చెప్పారో, ఎప్పుడు నేర్చుకుందో కూడా తెలియదు. పచ్చరంగు వచ్చిన రెండేళ్ళూ ఆవిడ తెల్లారకుండానే ఈ కూడలి దాటింది. అప్పుడు లారీలు లేవు, పచ్చబాట వదలాల్సిన పని పడలేదు. తిరుగు ప్రయాణం రోడ్డుకి అవతలి వైపున, అక్కడ లారీలు తిరిగే మలుపు లేదు. వంటింట్లో కూర్చుని దారి చెప్పేటప్పుడు బేకరీ గుర్తొచ్చింది, బడి గేటు గుర్తొచ్చింది. చేతులు చేసే పని మాత్రం నోటికి గుర్తు రాలేదు. పైపెచ్చు దాటొద్దని చెప్పింది. ఏం జరిగినా దాటొద్దని ఒట్టేయించినంత పని చేసింది.

పిల్ల క్యారియర్ మీంచి దిగింది.

"అమ్మకి దాటొద్దన్నావ్ కదా?"

"అన్నాను."

"మరి నువ్వెందుకు దాటావ్?"

ఎవరో చిన్నగా పక్కకి తప్పుకోమని బెల్లు కొట్టి వెళ్ళారు. అబద్ధం చెప్పడానికి పెద్దకోడలికి ఎన్నో మాటలు దొరికాయి ఆ క్షణంలో. మర్చిపోయాననొచ్చు. ఇవాళ నువ్వు వెనక ఉన్నావు కాబట్టి భయపడ్డాననొచ్చు. పిల్ల నమ్మేదే. ఇక జన్మలో ఆ సంగతి ఎవరికీ తెలిసేది కాదు. అబద్ధం ఆడితే పిల్ల తనకి మిగిలేది, తల్లి మాత్రం తెలివితక్కువదిగానే మిగిలిపోయేది.

"అక్కడ దాటాలమ్మా" అంది. "లారీ ఉంటే పచ్చబాట వదిలేసి దాని వెనక్కి రావాలి. అది నాకు తెలుసు. తెలుసని నాకే తెలీదు. మీ అమ్మకి చెప్పలేదు. మీ అమ్మ తప్పేం చేయలేదు అమ్మడూ. నేను చెప్పింది చెప్పినట్టు చేసింది. తప్పు నాది."

పిల్ల ఏడవలేదు. సంచీ సరిచేసుకుంది. "బెల్లయిపోతుంది" అని నడుచుకుంటూ వెళ్ళిపోయింది. ఆ రోజంతా రోలర్ల దగ్గర పెద్దకోడలు దుప్పట్లు వంకరగా పెడుతూనే ఉంది. అవతలి అమ్మాయి మూడుసార్లు అరిచింది.

సాయంత్రం మరిది పనినుంచి వచ్చి చేతులు కడుక్కుని కంచం ముందు కూర్చున్నాక చెప్పింది. దాచుకోకుండా, తగ్గించకుండా, వంటింట్లో చెప్పిన మాట దగ్గర్నుంచి ఇవాళ లారీ వెనక ఆగడం దాకా మొత్తం చెప్పింది. అతను తినడం ఆపి వింటున్నాడు.

"ఈ సంగతి పిల్లకి తెలుసా వదినా?"

"అదే కనిపెట్టింది."

"అయితే నేనేం అనను. అనేదేదో అదే అంటుంది" అని కంచం తీసుకుని లేచిపోయాడు. సగం అన్నం అలాగే ఉంది. ఆ రోజు నుంచి తన కంచంలో తనే వడ్డించుకోవడం మొదలుపెట్టాడు. కోపంగా ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదని పెద్దకోడలికి చాలాసార్లు అనిపించింది.

పిల్ల నాలుగు రోజులు ఏమీ అనలేదు. బడికి నడిచి వెళ్ళింది, స్నేహితురాళ్ళతోనే. వాళ్ళు అడిగేవి అడిగారేమో, చెప్పేవి చెప్పిందేమో. ఆదివారం పొద్దున పెద్దకోడలు పెరట్లో సైకిల్ చైనుకి నూనె వేస్తుంటే వచ్చి గడప మీద నిలబడింది. చేతిలో నోటు పుస్తకం, పెన్సిలు.

"ఇంకా ఎన్నున్నాయి?"

"ఏంటమ్మా?"

"నువ్వు చెప్పనివి."

పెద్దకోడలు నూనె డబ్బా కింద పెట్టింది. "తెలీదే. తెలిస్తే అప్పుడే చెప్పేదాన్ని కదా."

"నేను చూసి చెప్తాను. తొక్కు. వచ్చే ఏడాది నేను కూడా తొక్కాలి, బస్సెలాగూ రాదు."

పిల్ల వెనక ఎక్కింది. నడుము పట్టుకోలేదు, క్యారియర్ ఇనుముని పట్టుకుంది. వీధి మలుపు తిరిగిందో లేదో, "ఇప్పుడు ఇటు జరిగావ్, ఎందుకు?" అంది. పెద్దకోడలు సైకిల్ ఆపి ఆలోచించుకోవాల్సి వచ్చింది. ఆగి ఉన్న కారు అద్దంలో తల కనబడింది, తల ఉంటే తలుపు తెరుచుకోవచ్చు, అందుకని తలుపంత దూరం జరిగింది. పిల్ల రాసుకుంది. బస్‌స్టాపు దగ్గర "వంగి ఏం చూశావ్?" అంది. ఆగిన బస్సు కిందుగా అవతల కాళ్ళు కనబడితే ఎవరో అడ్డం రాబోతున్నట్టు. అదీ రాసుకుంది. వంతెన మీద ఇనుప పట్టీని ఏటవాలుగా దాటడం. వెనక ఇంజన్ చప్పుడు తగ్గితే బండి పక్కకి తిరగబోతోందని చెవితో తెలుసుకోవడం. కుక్క వైపు చూడకపోవడం. తడి ఆకుల మీద బ్రేకు పట్టకపోవడం. మాటిమాటికీ ఆగుతుంటే అరగంట దారికి రెండు గంటలు పట్టింది. ఇన్ని తెలుసా తనకి? ఇన్నిటిలో ఒక్కటి కూడా చిన్నకోడలికి చెప్పలేదా?

ఆదివారం కాబట్టి కూడలిలో లారీలు లేవు. గుంజలు అయిపోయే చోట పెద్దకోడలు దిగి, సైకిల్ నడిపించుకుంటూ ఫుట్‌పాత్ ఎక్కింది. పిల్ల కూడా దిగి పక్కన నడిచింది. పుస్తకం తెరిచి పెన్సిలుతో ఒక్కొక్కటే లెక్కపెట్టింది.

"ఇది కాకుండా పదహారు" అంది. "పదహారు చోట్లు. పదకొండు రోజులు." పెదాలు కదిలాయి. "నూట డెబ్భై ఆరు. నూట డెబ్భై ఆరుసార్లు అమ్మ ఎవరూ చెప్పకుండానే దాటేసింది."

పెద్దకోడలు సైకిల్‌కి స్టాండు వేసి ఆ పుస్తకంలోకి వంగి చూసింది.

"నాకన్నా బాగా తొక్కేదన్నమాట" అంది.

"అలా రాయనా?"

"రాయి."

పిల్ల గోడకి పుస్తకం ఆనించి రాసింది, రాసిన దాని కింద గీత కూడా గీసింది. ఆ తర్వాత ఇంటిదాకా ఇద్దరూ సైకిల్ ఎక్కలేదు.